ట్యాబు పాడు ఎవరిది?

హలో… ఊఁ, నేనే. సుకుమార్ సార్ని… ఎవరని అడుగుతావేందమ్మా? నీ బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గొంతు కూడా గుర్తు పట్టలేవా?… సిగ్నలా. సరే. చెప్పు కామాక్షి టీచర్, చెప్పు. మీ అమ్మ కంటి ఆపరేషన్ అయిపోయిందా?… కట్టు ఇంకా విప్పలేదా. సరే, నెల్లూర్లోనే ఉండి చూసుకో. సెలవు నేనేం ఆపలా. నేను వచ్చి చేరిన రోజే నువ్వు సెలవు చీటీ నా చేతిలో పెట్టి బస్సెక్కినావు. నోరు తెరిచి ఒక్క మాట అన్నానా?… లేదు గదా.

ఇప్పుడంటా.

ఏం బడమ్మా ఇది?

…కోపం కాదు. ఒళ్ళు మంట. పొద్దున్నే వచ్చి గంట నేనే కొట్టుకున్నా. బడిలో నేనూ, వంట చేసే మస్తానమ్మా, గేటు కాడ ఒక కుక్కా. అంతే! పిలకాయ ఒక్కడు రాలా… ఒక్కడంటే ఒక్కడు. అసలే ఒంటిపూట బళ్ళు, ఇట్టాగే ఇంకాసేపు కూర్చుంటే ఇంటికి పొయ్యే గంట కూడా నేనే కొట్టుకోవాల.

…ఓహో, నీకు తెలుసా? అప్పుడే నెల్లూరు దాకా చేరేసినారా? ఎవరు చేసింది ఫోను?… రోజా వాళ్ళమ్మా. ఏమంటది?… ఏడ్చిందా? ఆమెకేం పొయ్యేకాలం ఏడ్చేదానికి? ఏడవాల్సింది నేను! కొడవలూర్లో పచ్చటి చేల మధ్య హాయిగా ఉన్నోణ్ణి, బదిలీ పేరుతో తెచ్చి ఈ సరస్సు ఒడ్డున ఉప్పు గాలిలో పడేసినారు. పైగా ఈ బాగోతం ఒకటి.

…లేదు, నువ్వు ఆగు. వాళ్ళు చెప్పింది నువ్వు విన్నావు. ఇప్పుడు నేను చెప్పేది విను. మధ్యలో మాట్లాడబాక.

మొదటి రోజు నీ తరగతి గదిలో అడుగు పెడితే నెత్తికి వల తగిలింది. వల! నిజం వల, చేపల కంపుతో సహా! దాని కన్నాల్లో అట్టముక్కలు గుచ్చి వేలాడదీసినావు… ఆఁ, 'మాటల వల'. చూసినా, చదివినా. పిలకాయలు రోజూ ఒక మాట పట్టుకొచ్చి అందులో వేస్తారా? ఏం మాటలమ్మా అవి? బొమ్మిడాయి, తెడ్డు, లంగరు, ఎండురొయ్య. ఒక్కటన్నా పుస్తకంలో మాట ఉందా?… ఉంటాయి, ఉంటాయి, నీకు కనిపిస్తాయి. గోడ మీద గవ్వలతో ఎక్కాలు. కిటికీ కింద పీత బొమ్మ, దాని కాళ్ళ మీద గుణింతం. బడా ఇది, చేపల కొట్టా? పైనుంచి అచ్చేసి పంపిన చార్టులు, మంచి రంగులవి, బీరువా మీద చుట్ట చుట్టి పెట్టినావు. దుమ్ము కొట్టుకుపోయినయ్… ఎందుకంటే? గోడ మీద జాగా లేదా! అంత మాట నాతోనే అంటా ఉండావు చూడు.

సరే, అవన్నీ ఓర్చుకున్నా. పోనీలే, ఆడకూతురు, ఏదో మోజు పడి చేసుకుంది అనుకున్నా… అంటే నీకు కోపం వచ్చిందా? రానీ.

కానీ సర్కారు బడికిచ్చిన ఆ ట్యాబు పక్కన గోడకి పెట్టిన అట్ట ఉంది చూడు—

ఆఁ, అదే. కాగితం పడవలు అతికిచ్చింది. ఒక్కో పడవ మీద ఒక్కో పిలకాయ పేరు. పైన ఇంతింత లావు అక్షరాలతో, ఎర్ర రంగుతో, 'ట్యాబు పాడు'… నవ్వుతా ఉండావా?… దగ్గా. ఆస్పత్రిలో ఉండావు గదా, ఆ దగ్గుకేదన్నా మందు అడుగు.

దాని కింద ఏముంది? 'నిన్న పాడు' మస్తానయ్య. 'ఈరోజు పాడు' రోజా. 'రేపు పాడు' అబిగయీలు! అమ్మా, నా సర్వీసులో వస్తువులు పాడు చేసిన పిలకాయల్ని చూసినా, కొట్టినా, వాళ్ళ అమ్మానాయన్లని పిలిపిచ్చినా. పాడు చేసినోళ్ళ పేర్లు గోడకెక్కిచ్చి రంగులెయ్యడం ఎక్కడా చూళ్ళా. అది కూడా పోనీ. రేపు పాడు చెయ్యబోయే పిల్ల పేరు ఈరోజే రాసి పెట్టుకున్న బడి ఉందంటే నేను నమ్మేవాణ్ణే కాదు. కళ్ళారా చూసినా గాబట్టి నమ్మినా!

…ఆగమంటన్నా గదా. నా మాట పూర్తి కానీ.

నిన్న తల్లిదండ్రుల మీటింగు. కొత్త హెడ్మాస్టర్ని, నలుగురూ వస్తారు, చొక్కా ఇస్త్రీ చేసుకోని నిలబడినా. పిలకాయల్ని అడిగినా. ఏమని? 'ట్యాబు పాడు చేసిందెవరు?' అని. మర్యాదగానే అడిగినా. ఆ రోజా ఉంది చూడు, ఐదో తరగతి, రెండు జడల పిల్ల. టక్కున లేచింది. ట్యాబుని గుండెకి కరుచుకోని, పళ్ళన్నీ బయటబెట్టి, 'ఈరోజు పాడు నాది సార్!' అంది. నవ్వతా! భయం లేదు, సిగ్గు లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

…అయిపోలా. వెనకాల వాళ్ళ నాయన, ఆ చిన్నపోలయ్య, ఆయన కూడా లేచినాడు. తల నున్నగా దువ్వుకోని, కొత్త పంచె కట్టుకోని పెళ్ళికొచ్చినట్టు వచ్చినాడులే. 'ఔను సార్, పాడు మా రోజాదే. చానా రోజుల్నించి ఎదురు చూస్తా ఉండాది' అన్నాడు! ఎదురు చూస్తా ఉందంట! నేనేమనుకోవాలమ్మా? నువ్వే చెప్పు. కూతురు సర్కారు సొత్తు పాడు చేస్తే, తండ్రి దీవిచ్చేదానికి వచ్చినట్టుంది.

…ఏం చేస్తా. లాక్కున్నా.

ఆఁ, చేతిలోంచే లాక్కున్నా! పెనుగులాడింది. మీ ఊరి పిలకాయలకి చేతుల్లో ఏం బలమో. లాక్కోని బీరువాలో పెట్టి తాళమేసినా. 'ఇవాళ్టి నించి ఈ బళ్ళో ఎవరికీ పాడు లేదు, గీడు లేదు' అన్నా. అంటే ఆ చిన్నపోలయ్య మొహం మాడ్చుకోని, 'పాడు తీసేసినారా సార్?' అని అడిగినాడు. 'ఔను, తీసేసినా. మొత్తం తీసేసినా. నేనున్నంత కాలం ఉండదు' అని గట్టిగానే చెప్పినా. ఆ పిల్ల చెయ్యి పట్టుకోని బయటికి నడిచినాడు. వెనకాలే మిగతావాళ్ళంతా. నా మీటింగులో మిగిలింది కుర్చీలు.

…లేదు, నేను వాళ్ళని వెళ్ళమనలా. పొగరు పట్టి వాళ్ళే పొయ్యినారు.

…ఆ అట్టా? పీకేసినా. పీకే ముందు ఫొటో తీసి మండలం గ్రూపులో పెట్టినా. 'ట్యాబు పాడు చేసిన విద్యార్థుల పేర్లు ఇవి, తగు చర్య కోరడమైనది' అని… ఎందుకమ్మా అంత కేక? చెవి చిల్లు పడింది. రిపోర్టు చెయ్యడం నా ధర్మం. కింద ఎవరో రెజీనా టీచరంట, సరస్సు అవతలి బడి, నవ్వే బొమ్మలు వరసగా పెట్టింది. ఇంత సీరియస్ సంగతి పెడితే కళ్ళ నీళ్ళొచ్చేటట్టు నవ్వే బొమ్మలు! ఆమె మీద కూడా రిపోర్టు రాస్తా.

ఇప్పుడు చెప్పు. ఏం చెప్తావో చెప్పు. నా మాట అయిపోయింది.

…

…ఏందీ?

…మళ్ళా చెప్పు. నిదానంగా.

వంతా?

పాడంటే వంతా? ఏ తెలుగమ్మా అది?… సరస్సులో. ఊఁ… ఊఁ… చీటీలు తీస్తారా. ఏ రోజు ఎవరు ఏ చోట వల వెయ్యాల అని… ఎవరి రోజు వాళ్ళది. దాన్ని పాడు అంటారా… అందరూనా? మీ నాయన కూడా?… మీ తాత కూడా. సరే, మీ వంశం మొత్తం చెప్పక్కర్లా.

…అంటే 'ట్యాబు పాడు' అంటే ట్యాబు వంతు.

'ఈరోజు పాడు రోజా' అంటే—

…ఊఁ.

…'రేపు పాడు'. ఔను. రేపటి వంతు. ముందే రాస్తారు గదా మరి. వంతంటే ముందే రాస్తారు.

అయితే 'వంతు' అని రాసి ఏడవొచ్చు గదా! వంతు! బంగారంలాంటి తెలుగు మాట! నాలుగు ముక్కలు చదువుకున్నోడికి ఎవడికైనా అర్థమయ్యే మాట!… పిలకాయలే పెట్టుకున్నారా. నువ్వు 'వంతు' అని రాస్తే వాళ్ళే కొట్టేసి 'పాడు' అని రాసుకున్నారా. రాసుకుంటారు, రాసుకుంటారు, నువ్వు నెత్తిన ఎక్కిచ్చుకుంటే ఎందుకు రాసుకోరు… ఏంది? వంతంటే ఒకడు రెండోవాడి దగ్గిర లాక్కుంటాడు, పాడంటే ఎవరూ ముట్టరా? ఆ మాటకి అంత మహిమ ఉందా?… నువ్వు చెప్పినా లాక్కున్నారా. పాడు అని పేరు పెట్టినాక కొట్లాటే లేదా.

నాకెట్టా తెలుస్తుంది? నేను వరి పండించే ఊళ్ళో పుట్టినోణ్ణి. నాకు చేప అంటే కంచంలోకి వచ్చినప్పుడే తెలుసు. నువ్వు బస్సెక్కే ముందు ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు గదా. 'సార్, మా ఊళ్ళో తెలుగు వేరే' అని!… మాట్లాడే సందు నేనియ్యలేదా? మొదటి రోజు వల గురించే వాయిస్తా ఉన్నానా. బాగుంది. మళ్ళా తిరిగి తప్పు నాదే.

…ఈ మస్తానమ్మ కూడా ఉంది గదా, ఈ ఊరి మనిషే. నిన్న అంతా చూస్తానే ఉంది. పొద్దున అడిగినా, పిలకాయలు ఎందుకు రాలేదని. 'నాకేం తెలుసు సార్' అని వంకాయలు తరుక్కుంటా కూర్చుంది. పిలకాయలే రాకపోతే ఆ వంకాయలు ఎవరికి?

…ఉండు. ఉండుండు. నన్ను ఆలోచించుకోనీ.

నిన్న నేను అన్నదంతా వాళ్ళకి… 'ఎవరికీ పాడు లేదు' అన్నా. నేనేమో, ఇంక పాడు చెయ్యనియ్యను అని. వాళ్ళకేమో—

'పాడు తీసేసినారా సార్' అని అడిగినాడమ్మా. అంత నెమ్మదిగా అడిగినాడు. నేను 'ఔను, నేనున్నంత కాలం ఉండదు' అని…

అబ్బా.

…ఊఁ, వింటన్నా. చెప్పు.

…కోట హాస్టలు బడిలోనా? ఎవరిని, రోజానా? ఆరో తరగతికి… నువ్వు పేరు పంపిస్తానన్నావా. చిన్నపోలయ్య ఒప్పుకోవాల. ఎప్పటిలోగా?… ఈ సాయంత్రమా! ఈ సాయంత్రమంటే ఈరోజు సాయంత్రమా?… మరి నాకు చెప్పొద్దూ!… ఆయన ఏమన్నాడు నీతో?… 'ఆడబిడ్డని ఊరు దాటిచ్చి పంపితే అక్కడ నా బిడ్డకి దక్కాల్సింది దక్కనిస్తారా' అని అడిగినాడా. నువ్వు ఏమన్నావు?… 'మా బడికి వచ్చి చూడు, రోజా పాడు రోజు వచ్చి చూడు. నీకే తెలుస్తుంది' అన్నావు.

ఆయన వచ్చి చూసినాడు.

…వద్దు, నువ్వు చెప్పక్కర్లా. ఏం చూసినాడో నాకు తెలుసు. చూపిచ్చింది నేనే.

…పంపకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది?… రొయ్యల షెడ్డుకా? వాళ్ళ అత్తతో బాటు తలకాయలు తుంచేదానికా? ఐదో తరగతి పిల్లనా! బుద్ధుండాదా ఆ మనిషికి?… లేదు లేదు, అరవను. ఆయన మీద అరిచే మొహం నాకు లేదులే. అలవాటుగా వచ్చేసింది.

…ట్యాబా? బీరువాలోనే ఉంది. ఎందుకు?… లేదు, తెరిచి చూళ్ళా… చూళ్ళేదమ్మా! పాడైందని గోడ మీద రాసుంటే మళ్ళా తెరిచి చూసేదెందుకు?… ఆన్ చేసి చూసినాకే రిపోర్టు పెట్టాలని నాకూ తెలుసు. పాఠం చెప్పబాక నాకు.

ఉండు, తాళం… ఏ చెవి ఇది… ఆఁ. తీసినా. మీట ఎక్కడుంది దీనికి? పక్కనా?… నొక్కతన్నా.

…

వెలిగింది.

…ఊఁ. గీత కూడా లేదు అద్దం మీద. బ్యాటరీ నిండుగా ఉంది. నా ఫోను కంటే బాగుంది.

…కెమెరా కూడా చూడాలా? నమ్మినాలేమ్మా, అది కూడా పనిచేస్తది. ఇంక ఎన్నిసార్లు మొహాన కొడతావు?

ఏందో వచ్చింది, బొమ్మ మీద మైకు మాదిరి. ఇదేంది?… పిలకాయలు చదివి రికార్డు చేసుకున్నయ్యా. పాడు రోజు అందరికీ వినిపిచ్చేదానికా. నొక్కనా?… ఉండు, నువ్వూ విను, ఫోను దగ్గిర పెడతా—

…

…విన్నావా?

రోజా గదా. పాఠం చదువుతా చదువుతా మధ్యలో 'నాయనా, ఇది కష్టమైన మాట, మెల్లగా చదువుతా' అంటా ఉండాది. వాళ్ళ నాయన ముందు కూర్చున్నట్టే. ముందు రోజు ఎవర్నో అడిగి దీంట్లో చదువుకోని పెట్టుకుందా?… మస్తానయ్య తన పాడులో కాసేపు ఇచ్చినాడా.

…లేదు, ఏం లేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటన్నా. ఈ ఊరి గాలి పడదులే నాకు.

సరే, ఇప్పుడేం చెయ్యమంటావు? గ్రూపులో పెట్టింది తీసేస్తా. తీసేస్తే చాలదా?… 'నా పొరపాటు' అని రాయాలా. మండలం అంతా చూస్తారమ్మా అది! ఇంక నన్ను ఏమని పిలుస్తారు, 'పాడు సార్' అనరా?… నీకు నవ్వుగానే ఉంటుంది… పిలకాయల పేర్లు కూడా మండలం అంతా చూసినారు. ఔను. అది నిజం.

రాస్తా. రాస్తాలే. సాయంత్రం రాస్తా… ఇప్పుడే రాస్తా! ఫోను పెట్టినాక. ఈలోపల ఆ చిన్నపోలయ్యకి నువ్వే ఫోను చేసి చెప్పు. మీ మనిషి గదా, నీ మాట వింటాడు. 'సారుకి మన మాట తెలీదు' అని చెప్పు, అయిపోతుంది.

…కుదరదా? ఎందుకు కుదరదు?

…నేనే పోవాలా? వాళ్ళ ఇంటికా? పొయ్యి?

…వీధిలో నిలబడా!

పాడు లాక్కున్నోడు వీధిలో నిలబడి, అది ఎవరి పాడో పేరు పెట్టి పెద్దగా చెప్పాలా? ఏ కాలంలో ఉండావమ్మా నువ్వు? నేను హెడ్మాస్టర్ని! నా కింద పనిచేసే టీచరువి, నువ్వు చెప్తే నేను పొయ్యి చేపల వీధిలో నిలబడి టాంటాం వేసుకోవాలా? మీ ఊళ్ళో మీ కట్టుబాట్లు మీరు పెట్టుకోండి. నేను గవర్నమెంటు ఉద్యోగిని. నా మాట అర్థం కాక వాళ్ళు పొయ్యినారు, వాళ్ళ మాట అర్థం కాక నేను అరిచినా. చెల్లుకు చెల్లు!

…ఏందీ?

…అనుకో. పిరికోడనే అనుకో.

…ఏందమ్మా, నెల్లూర్లో కూర్చోని నన్ను… మా ఊళ్ళో మాత్రం వంతులు లేవా? ఎందుకు లేవు! కాలవ నీళ్ళకి వంతు లేకుండా వరి పండుతుందా? నీకేం తెలుసు, మా కాలవ మీద—

…

మా పెదనాయన ఒకసారి మా వంతు రోజు మడవ తెంచి నీళ్ళు తన చేలోకి తిప్పుకున్నాడు. సొంత అన్నే. మా నాయన గట్టు మీద నిలబడి చూసినాడు. ఆ ఏడు మాకు బస్తాలు తక్కువేం కాలా, వానలు పడ్డయ్. కానీ ఇద్దరూ చచ్చిందాకా మాట్లాడుకోలా. మా పెదనాయన పోతే మా నాయన శవం కాడికి కూడా పోలా. నేను అడిగినా, పిడికెడు నీళ్ళకి ఇంత పగా అని. 'నీళ్ళు కాదురా, నా వంతు' అన్నాడు.

…ఊఁ.

అదేనమ్మా. అదే.

సరే పద. ఫోను పెట్టబాక. లైన్లోనే ఉండు. వాళ్ళ మాట ఏదన్నా మళ్ళా నాకు ఇంకోరకంగా అర్థమైతే నా కొంప మునుగుతుంది. ట్యాబు తీసుకోని పోతన్నా… మస్తానమ్మా! ఓ మస్తానమ్మా! ఆ కత్తిపీట పక్కన పెట్టు. చిన్నపోలయ్య ఇల్లు యాడ?… నాకేం తెలుసు సార్ అనబాక, చంపుతా! చెప్పు!… ఎండుచేపలు ఆరబెట్టిన చోటికి ఎదురుగానా. సరే.

…పోతా ఉండానమ్మా. ఇసక. చెప్పుల్లోకి పోతా ఉంది. అందరూ ఇళ్ళ ముందరే కూర్చోనుండారు. వల బాగు చేసుకుంటా ఉండారు. నన్ను చూసి ఒక్కరూ తల ఎత్తడం లేదు. పిలకాయలు మాత్రం తలుపుల సందుల్లోంచి… ఒక్కడు కూడా నమస్తే పెట్టలా.

…ఇదిగో, చిన్నపోలయ్య. గడప కాడే కూర్చోనుండాడు. నన్ను చూసినాడు. లేవలా.

ఏమయ్యా చిన్నపోలయ్యా… బాగుండావా?… ఊరికే రాలేదయ్యా. పనుండే వచ్చినా. రోజా లేదా?… లోపలుందా.

…ఇప్పుడే చెప్పాలామ్మా? మొదలుపెట్టనా? వీళ్ళంతా చూస్తా ఉండారు… తరగతిలో అరిచే గొంతు ఇప్పుడు యాడికి పొయ్యిందో… సరే. సరేలే.

అయ్యా! అమ్మా! అందరూ వినండి. నిన్న… నిన్న ట్యాబు పాడు రోజాది! చిన్నపోలయ్య కూతురు రోజాది! ఆ పిల్ల పాడు ఆ పిల్ల చేతిలోంచి లాక్కుంది నేను! సుకుమార్ అనేవాణ్ణి, ఈ బడి హెడ్మాస్టర్ని! మీ మాట నాకు తెలీక లాక్కున్నా. తెలీకపోయినా లాక్కున్నది లాక్కున్నదే. ఆ పిల్ల ఏదీ చెడగొట్టలా. మీ పిలకాయలు ఎవరూ ఏదీ చెడగొట్టలా!

…

…అరిచినానమ్మా. విన్నావు గదా. వల అల్లే చేతులన్నీ ఆగినయ్.

…చిన్నపోలయ్య లేచినాడు.

చెప్పు చిన్నపోలయ్యా, తిట్టాలంటే తిట్టు… ఏంది?… బయటికి పిలుస్తా ఉండాడమ్మా, రోజాని. వచ్చింది. కళ్ళు వాచిపొయ్యి ఉండాయి బిడ్డకి.

రోజా, ఇదిగోమ్మా. నీ ట్యాబు. తీసుకో. మీ నాయనకి చదివి వినిపిచ్చు, ఇక్కడే, అందరి ముందర. రికార్డు చేసింది నేను విన్నా. ఎంత బాగా చదివినావు! నిన్నటిది ఈరోజు తీసుకో… ఏందమ్మా?… ఎందుకు వద్దు?

…తీసుకోవడం లేదు టీచర్. చేతులు వెనక్కి పెట్టుకుంది. ఏమంటా ఉందో వింటన్నావా?

…'ఈరోజు నాది కాదు సార్' అంటా ఉంది.

కాదులేమ్మా, నేను ఇస్తా ఉండా గదా, నేను హెడ్మాస్టర్ని, నేను చెప్తే… ఆఁ? నేను చెప్పినా కుదరదా?… నీ పాడు మళ్ళా అందరిదీ అయినాకే వస్తుందా. అప్పటిదాకా ఆగుతావా?… ఆగుతుందంట.

చిన్నపోలయ్యా, నువ్వన్నా చెప్పయ్యా. ఈ సాయంత్రం కోటకి పేరు పంపాలంట, కామాక్షి టీచర్ చెప్పింది. నా మీద కోపం ఆ పిల్ల మీద తీర్చబాక. నువ్వు 'ఊఁ' అంటే నేనే నా బండి మీద పొయ్యి పేరు ఇచ్చి వస్తా… ఏందయ్యా ఆ చూపు?… ఏం అడగతన్నావు?

…

…నేనేం చెయ్యాలమ్మా, ఈయన ఒకటే ముక్క అడగతన్నాడు.

'ఈరోజు పాడు ఎవరిదో వాళ్ళకి ఇచ్చినారా సార్' అంటన్నాడు.

…ఇవ్వలా. ఎట్టా ఇస్తా? బీరువాలో పెట్టి తాళమేసినా గదా.

'అయితే ఇంకో బిడ్డది కూడా లాక్కున్నట్టే గదా, ముందు పొయ్యి అది ఇచ్చి రా' అంటన్నాడు. 'మా రోజా సంగతి నేను బడి వదిలేటప్పటికి వచ్చి చెప్తా. ఈరోజు పాడు ఈరోజు నడిచిందో లేదో చూసుకోని చెప్తా' అంటన్నాడు… నిజమే. నిజమే కామాక్షీ. నిన్నటి దాని గురించి ఊరంతా అరిచినా గానీ, ఈరోజుది ఇంకా నా చేతిలోనే ఉంది.

ఎవరిది? గోడ మీద రేపు అని రాసుండింది… అబిగయీలు! అబిగయీలుది!

ఏమ్మా రోజా, అబిగయీలు ఇల్లు యాడ? చూపిస్తావా?… ఒరే పిలకాయల్లారా, తలుపు సందుల్లో ఏం చూస్తారు, బళ్ళోకి పదండి! గంట కొడతన్నా! బిన్నా పదండి, పరిగెత్తండి! ఒంటిపూట బడి, ఇంకెంతసేపు ఉంది?… కామాక్షీ, ఉంటా. మళ్ళా మాట్లాడతా. లేదమ్మా, ఇప్పుడు కాదు, అవన్నీ తర్వాత, పెట్టెయ్ ఫోను. నేను ఇట్టాగే మాట్లాడతా నిలబడితే ఆ బిడ్డ పాడు పాడైపోద్ది.